నాయక ప్రతినాయకులు

పూర్వపు కథలలో మంచివాడు మంచివాడుగను, చెడ్డవాడు చెడ్డవాడుగను ఉండెడివారనియు, నేటి చలనచిత్రములలో దొంగయు దొరయు నొక్కడే యైపోయెననియు పెద్దలు పలువురు వాపోవుచున్నారు. యువకులు వేరొక మాట చెప్పుచున్నారు. లోకమున కేవల ధర్మాత్ముడు గాని కేవల దుర్మార్గుడు గాని లేడు గనుక, ఆ హద్దు చెరిగిపోవుటయే సత్యమునకు సమీపమని వారి వాదము. రెండు పక్షములందును కొంత సత్యము కలదు; రెండును అసంపూర్ణములే యని మాయభిప్రాయము.

పూర్వము హద్దు స్పష్టముగా నుండెనను మాట భారతము చదివినవారు చెప్పదగినది కాదు. ద్రోణుని చేత అస్త్రసన్యాసము చేయించుటకు ధర్మరాజే బొంకెను. గదాయుద్ధ నియమము నతిక్రమించి భీముడు దుర్యోధనుని తొడలు విరుగగొట్టగా బలరాముడు మండిపడెను. తుదకు ధర్మరాజు స్వర్గమున కేగి మొట్టమొదట చూచినది, సగౌరవముగా ఆసనస్థుడై యున్న దుర్యోధనునే. ఊరుభంగ నాటకమున భాసుడు ఆ పడిపోయిన రాజునకే మన కన్నీరు కానుకగా నిప్పించెను. మన పల్లెలలో తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయములు ఆడిన రాత్రులందు కృష్ణుని పద్యమునకే గాక దుర్యోధనుని పద్యమునకును ‘వన్సుమోరు’ కేకలు చెలరేగెడివి. 1977లో వెలువడిన ‘దానవీరశూరకర్ణ’ చిత్రమున నందమూరి తారక రామారావు కృష్ణుడుగను, కర్ణుడుగను, దుర్యోధనుడుగను తానే నటించెను. హద్దున కిరువైపుల నొక్క ముఖమునే చూచి ఆంధ్రులు ఆనందించిరి గాని దిగ్భ్రమ చెందలేదు.

కర్ణునియం దింత మమకార మేల? కుమారుల విద్యాప్రదర్శనమున అతని కులమడిగినవాడు కృపాచార్యుడు. సూతపుత్రుడని పరిహసించినవాడు భీముడు. అంగరాజ్యమిచ్చి ఆదరించినవాడు దుర్యోధనుడు. అవమానించినవారు నాయకుల పక్షమున, ఆదరించినవాడు ప్రతినాయకుల పక్షమున నుండిరి. పుట్టుకచే అవమానము పొందిన ప్రతివాడును ఆ సభలో తన్ను తాను చూచుకొనును. ఇది తప్పు గాదు. ఇది కథకు గల శక్తి.

అంతియే కాదు. హద్దు గీయునది తరచుగా అధికారము. 1922లో మన్యమున తిరుగుబాటు లేవదీసిన అల్లూరి సీతారామరాజు ఆంగ్ల ప్రభుత్వపు కాగితములలో పితూరీదారుడు. 1924 మే 7వ తేదీన అతనిని కాల్చి చంపిరి. ప్రజల పాటలలో అతడు నాడే వీరుడు. 1757లో బొబ్బిలి కోట కూలిన పిమ్మట తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారము జొచ్చి విజయరామరాజును పొడిచి చంపెను. బొబ్బిలి కథ వినువారికి అది శౌర్యము. విజయనగరము వైపున నిలిచి చూచువారికి అది హత్య. కావున పాలకులు గీచిన హద్దును ప్రశ్నించుట ప్రజల హక్కు. ఆ హక్కును మేము వదలుకొనజాలము.

అయితే హద్దును ప్రశ్నించుట వేరు, గాయపడినవారిని మరచుట వేరు. కర్ణుని అవమానమును చెప్పిన వ్యాసుడే, ద్యూతసభలో ఆ కర్ణుడు ద్రౌపదిని గూర్చి పలికిన నీచవాక్యములను సైతము దాచక చెప్పెను. కర్ణునిపై జాలికి ద్రౌపది కన్నీటిని మూల్యముగా అడుగలేదు. రెండు గాయములును ఒకే కథలో, ఒకదాని నొకటి కప్పివేయక నిలిచియున్నవి. వ్యాసుని గొప్పతన మిచ్చట నున్నది. నేటి కథకులు నేర్వవలసినదియు నిదియే.

2021లో వెలువడిన ‘పుష్ప’ చిత్రమును చూడుడు. శేషాచలము కొండలలో ఎర్రచందనము దొంగరవాణా చేయు కూలివాడు క్రమముగా ఆ ముఠాకు అధిపతి యగుట అందలి కథ. తండ్రి ఇంటిపేరు చెప్పుకొను హక్కు లేనివాడని నలుగురిలో అవమానము పొందును. కర్ణుని గాయమే యిది. కల్పితము కానిది గనుకనే దేశమంతట ప్రజల హృదయమును తాకెను. ఆ పాత్రను ధరించిన అల్లు అర్జున్‌కు 2023లో ఉత్తమ నటుడుగా జాతీయ పురస్కారము ప్రకటింపబడెను. తెలుగు నటునకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. నటుని ప్రతిభను మేము తక్కువ చేయము.

కాని ఎర్రచందనము కథలోని వస్తువు మాత్రమే కాదు. తూర్పు కనుమల దక్షిణ భాగమున తప్ప లోకమున మరెచ్చటను సహజముగా పెరుగని వృక్షము. 2015 ఏప్రిల్ 7వ తేదీన ఆ శేషాచలము అడవులలోనే, తమిళనాడు నుండి వచ్చిన 20 మంది పోలీసు కాల్పులలో మరణించిరి. తమపై దాడి జరిగినందున కాల్చితిమని పోలీసులు చెప్పిరి. అది బూటకపు ఎదురుకాల్పులని హక్కుల సంఘములవారు ఆరోపించిరి. నేల కూలినవారు గొడ్డలి పట్టిన కూలివారు. దుంగలను నౌకల కెక్కించి ధనవంతులైనవారు కారు. చిత్రకథ కూలివానితో మొదలైనను, అతడు యజమాని యైన పిమ్మట తక్కిన కూలివారిని వెనుకకు నెట్టెనని మాకు తోచుచున్నది. నాయకుడు గెలిచినపుడు మనము చప్పట్లు కొట్టితిమి. ఆ చప్పట్లలో అడవినుండి తిరిగిరానివాని ఇల్లు మనకు జ్ఞప్తికి వచ్చెనా?

ఇట్టి కథలను నిషేధింపుడని మేము కోరము. 1939లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన ‘రైతుబిడ్డ’ జమీందారుల ఆగ్రహమునకు గురియై కొన్నిచోట్ల నిషేధింపబడెను. భూస్వామి ప్రతినాయకుడుగ కనబడుట భూస్వాములకు రుచింపలేదు. నిషేధము నెవరు వాడుకొందురో ఆ యుదాహరణమే చాటుచున్నది. మా పాఠకులలో భూములు గలవారు దీనిని ప్రత్యేకముగా స్మరింతురు గాక. మన పొరుగువాడు చెప్పు కథలో మన స్థానమేదియో మన మెరుగము.

కత్తెరకంటె ప్రేక్షకుని వివేకమే మేలు. కథ ముగిసి ఇంటికి మరలునపుడు, ‘నాయకుడు మంచివాడా, చెడ్డవాడా?’ యను ప్రశ్నతో తృప్తిపడరాదు. ‘ఈ కథలో దెబ్బతిన్నవాడెవడు? అతనికి పేరున్నదా? మాటాడుటకు నోరున్నదా?’ యని పిల్లలతో కూడ విచారింపవలెను. ద్రౌపదికి సభలో ప్రశ్నించు నోరిచ్చిన వాఙ్మయమునకు మనము వారసులము. ఆ నోరు మూయనంతవరకు, కథకుడు నాయక ప్రతినాయకులను ఎంత కలిపివేసినను మన ధర్మబుద్ధికి భయము లేదు.