విత్తనం కాయలు తినేశాక తేజస్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

తేజస్ పేరెత్తితే చాలు, మన ఐటీ జనాల దగ్గర ఒక డైలాగు రెడీగా ఉంటుంది: "ముప్పై ఏళ్ళు బాసూ! మన ప్రాజెక్టయితే క్లయింటు ఎప్పుడో తన్ని తగలేసేవాడు." 2025 నవంబరు 21న దుబాయ్ ఎయిర్ షోలో తేజస్ కూలి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ చనిపోయాక కూడా ఈ జోకులు ఆగలేదు. ఆలస్యం నిజమే, ఎవరూ కాదనరు. 1983లో అనుమతి వస్తే మొదటి స్క్వాడ్రన్ ఏర్పడింది 2016 జులైలో. కానీ ఎందుకు ఆలస్యమైందో తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి.

1961 జూన్ 17న బెంగుళూరులో హెచ్ఎఫ్-24 మారుత్ ఎగిరింది. జర్మన్ డిజైనర్ కుర్ట్ టాంక్ నాయకత్వంలో మన హెచ్ఏఎల్ చేసిన యుద్ధవిమానం. డిజైను బాగుంది కానీ దానికి తగ్గ ఇంజనే దొరకలేదు. అయినా 147 విమానాలు కట్టాం, 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు వాడుకున్నాం. ఆ తర్వాత? దానికి తమ్ముణ్ణి చెయ్యలేదు. మిగ్-21లని లైసెన్సు మీద కట్టుకుంటూ కాలం గడిపేశాం. యుద్ధవిమానాన్ని కాగితం మీంచి గాల్లోకి లేపడం తెలిసిన టీము చెదిరిపోయింది.

మా తనకల్లు వైపు దీన్ని విత్తనం కాయలు తినెయ్యడం అంటారు. వానల్లేని ఏడు ఇంట్లో ఎంత ఇబ్బందైనా విత్తనానికి దాచిన శనక్కాయ మూట విప్పరు. విప్పితే వచ్చే ఏడు పదునైన వాన పడినా అప్పు చేసి విత్తనం కొనాల్సిందే.

తేజస్ అలా అప్పుతో మొదలైన సేద్యం. 1984లో ఏడీఏ పెట్టారు. ఒడిశా బరంపురంలో పుట్టిన మన కోట హరినారాయణ గారు ప్రోగ్రామ్ డైరెక్టరు (తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వీసీగా కూడా చేశారు). మనుషుల్ని తయారుచేసుకోవడం దగ్గర్నుంచీ అన్నీ కొత్తే.

ఇందులో నాబోటి కోడర్లు తప్పక తెలుసుకోవాల్సింది ఫ్లైట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ సంగతి. చురుగ్గా తిరగడం కోసం తేజస్‌ని కావాలనే నిలకడ లేని విమానంగా డిజైన్ చేశారు. కంప్యూటరు క్షణక్షణం సర్దుతుంటేనే అది గాల్లో నిలుస్తుంది. అందుకే ఒకే పనికి నాలుగు ఛానెళ్ళు, ఒకటి తప్పు చెబితే మిగతావి పట్టుకోవాలి. మన దగ్గర బగ్ వస్తే టికెట్ వేస్తాం, అక్కడ మనిషి పోతాడు. ఈ పనికి అమెరికాలో లాక్‌హీడ్ మార్టిన్ సాయం తీసుకుంటుండగా 1998లో పోఖ్రాన్ పరీక్షలు, వెంటనే ఆంక్షలు. మన ఇంజనీర్లని వెనక్కి పంపేశారు. మిగిలిన పని ఇక్కడే పూర్తిచేసి, 2001 జనవరి 4న విమానం ఎగరేశారు. ఆ రోజు నుంచి 2024 మార్చిలో జైసల్మేర్ దగ్గర కూలేదాకా, ఇరవై మూడేళ్ళలో ఒక్క తేజస్ కూడా కూలలేదు. ఈ లెక్క మాత్రం జోకుల్లో కనబడదు.

అలాగని హెచ్ఏఎల్‌ని వెనకేసుకురావడం లేదు. 2021లో 83 మార్క్-1ఏ విమానాలకి ఒప్పందం అయింది. 2024లో రావాల్సిన మొదటి విమానం ఆ ఏడాది రాలేదు. అమెరికా నుంచి మొదటి ఇంజనే 2025 మార్చిలో గానీ అందలేదు. మన కావేరి ఇంజను 1989లో మొదలై, 2008లో తేజస్ నుంచి పక్కకి తప్పుకుంది మరి. కానీ తప్పంతా ఇంజను మీదకి నెట్టేస్తే కుదరదు. హెచ్ఏఎల్ మీద నమ్మకం కలగడం లేదని వాయుసేనాధిపతి ఏ.పి. సింగ్ 2025 ఫిబ్రవరిలో బాహాటంగానే అన్నారు. 42 స్క్వాడ్రన్లు ఉండాల్సిన చోట, అదే ఏడు సెప్టెంబరులో మిగ్-21లు రిటైరయ్యేసరికి 29 మిగిలాయి. ఆయన కోపం న్యాయమైనదే.

అందుకని "మనవల్ల కాదు, కొనేద్దాం" అనడం మాత్రం మళ్ళీ మూట విప్పడమే. అవసరానికి కొనండి, పైలట్ని ఉత్త చేతులతో పంపలేం. కానీ ఆ కొన్నది చూపించి ఇక్కడి పని ఆపకండి. 2006, 2010ల్లో కలిపి ఇచ్చిన ఆర్డరు 40 విమానాలకే. అంతదానికి ఏ సప్లయరు మాత్రం ధైర్యంగా ఫ్యాక్టరీ పెడతాడు? 2021లో 83, 2025 సెప్టెంబరులో ఇంకో 97. ఇలా ఆర్డర్లుంటేనే బయటి కంపెనీలు చెయ్యి వేస్తాయి. హైదరాబాదులోని వెమ్ టెక్నాలజీస్ తేజస్ మధ్యభాగం తయారుచేసి 2025లో హెచ్ఏఎల్‌కి అందించింది.

మా పక్కనే కదిరి వేరుశనగ పరిశోధనా కేంద్రం ఉంది. కదిరి-3, కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి... ఒక రకం రైతు చేతికి వెళ్ళాక కూడా తర్వాతి రకం మీద పని నడుస్తూనే వచ్చింది. విమానాలకైనా అంతే.

2024 మార్చిలో రూ. 15,000 కోట్లతో ఐదో తరం ఆమ్కాకి కేంద్రం ఒప్పుకుంది. 2025 మేలో ప్రైవేటు కంపెనీలకీ పోటీపడే వీలిచ్చింది. మంచిదే. పేరు ఎవరిదైనా నాకు పట్టింపు లేదు. తేజస్ చేసి చేసి నేర్చుకున్నవాళ్ళు అందులో ఉండాలి, వాళ్ళ పక్కన కొత్త కుర్రాళ్ళు కూర్చోవాలి. ఈసారి ఎవరైనా ముప్పై ఏళ్ళ జోకు వేస్తే, మారుత్ టీము ఏమైందో తెలుసా అని అడిగి చూడండి. అది తెలిసి కూడా "ఆపేద్దాం" అంటే, వాదించడానికి నేను రెడీ.