గాయానికీ గ్రంథానికీ నడుమ

సాహిత్య పాఠకులలో ఒక కుతూహలం సర్వసాధారణం. మంచి ప్రేమకథ ఏదైనా చదివి ముగించగానే, "ఇంతకూ ఆ నాయిక ఎవరు? రచయిత జీవితంలో అట్టి స్త్రీ నిజంగా ఉన్నదా?" అని అడుగుతారు. ఆ కథ యుద్ధ నేపథ్యంలో నడిచినదైతే ఈ కుతూహలం మరింత ఇనుమడిస్తుంది. తుపాకుల మోత నడుమ పుట్టిన ప్రేమ కేవలం కల్పితం కారాదనీ, దాని వెనుక ఎవరో ఒకరి కన్నీరు ఉండి తీరాలనీ పాఠకుడు కోరుకుంటాడు. ఈ ప్రశ్న తప్పు కాదు. కాని అది చిన్న ప్రశ్న అని మా అభిప్రాయం. నాయిక ఎవరో తెలుసుకొని తృప్తిపడే పాఠకుడు నవల గడప వద్దనే ఆగిపోయినట్లు లెక్క. అడుగవలసిన పెద్ద ప్రశ్న వేరొకటి ఉన్నది. జరిగినదానిని రచయిత ఎందుకు మార్చాడు?

ఈ విచారణకు ఎర్నెస్ట్ హెమింగ్వే వ్రాసిన ‘ఏ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ కంటే తగిన నవల మరొకటి మాకు కనిపించదు. 1929లో వెలువడిన ఈ నవల మొదటి ప్రపంచ యుద్ధకాలపు ఇటలీలో నడిచే ప్రేమకథ. దీని వెనుక ఉన్న వాస్తవం కూడ లోకానికి చాలవరకు తెలిసినదే.

1918లో హెమింగ్వే అమెరికన్ రెడ్‌క్రాస్ తరపున ఆంబులెన్స్ సేవకై ఇటలీ వెళ్ళాడు. జూలై 8వ తేదీ రాత్రి పియావే నదీతీరాన ఫోసాల్టా అనే గ్రామం వద్ద, సైనికులకు చాకొలెట్లు, సిగరెట్లు పంచడానికి వెళ్ళి, ఆస్ట్రియన్ల ఫిరంగి గుండు పేలుడులో తీవ్రంగా గాయపడ్డాడు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు నిండడానికి ఇంకా రెండు వారాలు ఉన్నది. మిలాన్ నగరంలోని ఆసుపత్రిలో నెలల తరబడి చికిత్స పొందే కాలంలో ఏగ్నెస్ వాన్ కురోవ్‌స్కీ అనే అమెరికన్ నర్సు మీద మనసు పడ్డాడు. ఆమె ఆయనకంటే ఏడేళ్ళు పెద్దది. 1919 జనవరిలో ఆయన స్వదేశం చేరాడు. ఆమె వెనుకనే వస్తుందనీ, తాము వివాహం చేసుకుంటామనీ ఆశించాడు. మార్చి నెలలో వచ్చిన ఉత్తరం ఆ ఆశకు అంతం పలికింది. తాను మరొక ఇటాలియన్ అధికారిని వివాహమాడబోతున్నానని ఆమె వ్రాసింది. చివరకు ఆ వివాహమూ జరుగలేదు.

ఇంతవరకు జరిగినది. దీని నుండి నవల వెంటనే పుట్టలేదన్న విషయాన్ని మన విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. ముందుగా పుట్టినది ‘ఏ వెరీ షార్ట్ స్టోరీ’ అనే చిన్న కథ. 1925లో వచ్చిన ఆయన కథాసంపుటిలో అది ఉన్నది. పేరుకు తగినట్లు రెండు మూడు పుటలకు మించదు. గాయపడిన యువకుడు, అతనిని ప్రేమించి పిదప విడిచిన నర్సు, ఆమెను పెండ్లాడకనే పోయిన ఇటాలియన్ అధికారి అందులో ఉన్నారు. జరిగినది జరిగినట్లే ఉన్నది. అయినను ఆ కథ చదివినవారికి ఆ స్త్రీ మీద జాలి కలుగదు, ఆ యువకుని మీద ప్రేమా కలుగదు. కథ వ్రాసిన చేతిలో ఇంకా కోపం ఆరలేదని మాత్రం తెలుస్తుంది. కక్ష కూడ ఒక ప్రేరణయే, కాదనలేము. కాని ఆ ప్రేరణ రెండు పుటలకు మించి నడువలేకపోయింది.

పెద్ద నవల వ్రాయడానికి ఆయన 1928లో పూనుకున్నాడు. గాయానికీ గ్రంథానికీ నడుమ పదేళ్ళు గడిచాయి. ఈ పదేళ్ళలో ఆయన ఊరక కూర్చోలేదు. 1922 అక్టోబరులో ఒక కెనడా పత్రిక విలేఖరిగా తూర్పు థ్రేస్ ప్రాంతానికి వెళ్ళాడు. గ్రీకు సైన్యం ఓడిపోయి, ఆ ప్రాంతం తురుష్కులకు అప్పగింపబడుతున్న సమయమది. వానలో, బురదలో ఎడ్లబండ్ల మీద సామాను వేసుకొని మైళ్ళ పొడవున సాగిపోతున్న క్రైస్తవ శరణార్థుల వరుసను ఆయన చూశాడు. ఒక బండిలో ఒక స్త్రీ ప్రసవవేదన పడుతుండగా భర్త ఆమెకు వాన తగులకుండ దుప్పటి అడ్డుపట్టిన దృశ్యాన్ని తన పత్రికకు వ్రాసి పంపాడు.

ఇక్కడ మన కళాశాల పాఠకులతో ఒక మాట చెప్పవలసి ఉన్నది. అవే సంవత్సరాలలో మన దేశంలో ఖిలాఫత్ ఉద్యమం సాగుతున్నది. మన పూర్వులలో ఎందరో తురుష్కుల విజయం కోసం మసీదులలో దుఆ చేశారు. వారి హృదయం ఒక పక్షాన ఉండడం సహజమే. కాని ఆ బండిలోని తల్లి రెండవ పక్షానికి చెందినది. ఆమె వేదనకు పక్షం లేదు. చరిత్ర పుస్తకం మనకు గెలుపు ఓటములు చెబుతుంది. ఆ దుప్పటి క్రింది తల్లిని చూపగలిగినది సాహిత్యం. యుద్ధకాలపు ప్రేమకథ వ్రాయదలచిన రచయితకు మొట్టమొదట కావలసినది ఈ చూపు.

నవలలో అత్యంత ప్రసిద్ధమైన భాగం కపోరెట్టో యుద్ధంలో ఓడిన ఇటాలియన్ సైన్యపు తిరోగమనం. వానలో, బురదలో కదలలేని బండ్ల వరుసలు అక్కడ మనకు ప్రత్యక్షమవుతాయి. ఆ ఓటమి 1917 అక్టోబరులో జరిగినది. హెమింగ్వే అప్పటికి ఇటలీలో కాలు పెట్టనే లేదు. తాను చూడని దారిని విని, చదివి, థ్రేస్‌లో తాను చూచిన దారి సహాయంతో కల్పించాడనుకోవడం అసంగతం కాదు. అట్లే నవల చివర నాయిక ప్రసవంలో మరణిస్తుంది. నవల వ్రాస్తుండగనే 1928 జూన్ నెలలో ఆయన భార్య పాలీన్‌కు కాన్సాస్ సిటీలో కష్టమైన ప్రసవం జరిగి, శస్త్రచికిత్సతో బిడ్డను తీయవలసి వచ్చింది. తల్లీ బిడ్డా బ్రతికారు. ఆ భయం మాత్రం నవలలో నిలిచిపోయింది.

కనుక "నాయిక ఎవరు?" అన్న ప్రశ్నకు ఒకే పేరు సమాధానం కాజాలదు. ఆసుపత్రి 1918 నాటిది. బురద దారి 1922 నాటిది. ప్రసవ భయం 1928 నాటిది. మూడు కాలాల అనుభవం ఒకే కథగా పోతపోయబడినది. తాను కాథరిన్‌ను కానని ఏగ్నెస్ తన జీవితాంతం చెబుతూ వచ్చింది. ఆమె 1984లో మరణించింది. 1989లో ఆమె లేఖలు, దినచర్య అచ్చయినప్పుడు అందులో కనిపించిన స్త్రీ తన వృత్తిని ప్రేమించిన స్వతంత్రురాలు, నవలలోని కాథరిన్ బార్‌క్లీ వలె ప్రియుని ఇష్టమే తన ఇష్టమనుకొనే మనిషి కాదు. జీవించి ఉన్న మనిషికి నవలా పాత్ర ముఖం తగిలించి జీవితాంతం మోయించడం పాఠకుల వలన జరిగిన అన్యాయం.

మరి రచయిత చేసిన మార్పు ఎట్టిది? జీవితంలో ఆమె ఆయనను విడిచిపోయింది. నవలలో ఆమె చివరివరకు ప్రియుని వీడక, స్విట్జర్లాండులోని లౌజాన్ ఆసుపత్రిలో మృతశిశువును కని, తానూ మరణిస్తుంది. ఇది మారువేషం ధరించిన ప్రతీకారమేనని కొందరు విమర్శకులు అన్నారు. విడిచిపోయిన స్త్రీని మొదట విధేయురాలిగా మార్చి, పిమ్మట చంపివేశాడని వారి అభియోగం. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. కాథరిన్‌కు తనదంటూ ఒక కోరిక, ఒక కోపం ఇవ్వడంలో నవలాకారుడు లోభించాడనే మేమూ భావిస్తున్నాము. అయినను చిన్న కథనూ నవలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు భేదం స్పష్టమే. చిన్న కథలో ఆమె ముద్దాయి. నవలలో ఆమె కోసం పాఠకుడు దుఃఖిస్తాడు. తనను గాయపరచిన జ్ఞాపకాన్ని ఇతరులు దుఃఖింపదగిన జ్ఞాపకంగా మార్చడానికి ఆ రచయితకు పదేళ్ళు పట్టినది. కక్షను విడువకపోతే ఆ నవల లేదు.

ఆ శ్రమ అక్కడితో ఆగలేదు. నవల ముగింపును ఆయన పదేపదే తిరిగి వ్రాశాడు. 2012లో వచ్చిన ప్రచురణలో 47 ముగింపులను చేర్చి ముద్రించారు. దుఃఖాన్ని వర్ణించే వాక్యాలు ఒక్కొక్కటే తొలగిపోయి, చివరకు కథానాయకుడు వానలో నడిచిపోవడం మాత్రమే మిగిలినది. ప్రేరణ అనగా ఆకాశం నుండి ఊడిపడే మెరుపు అని నమ్మేవారు ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకోవాలి.

యుద్ధాన్ని ప్రేమతో తీపిచేసి చూపించే కథలు లోకంలో కొల్లలు. ఈ నవల ఆ పని చేయలేదు. ఘనత, త్యాగం వంటి పెద్ద మాటలు వినబడితే ఇందులోని నాయకునికి సిగ్గు కలుగుతుంది. ఓటమిని ఓటమిగా వ్రాసినందువల్లనే ముస్సోలినీ పాలనలో ఇటలీ ఈ గ్రంథాన్ని నిషేధించింది. ప్రభుత్వాలు ప్రేమకథలకు భయపడవు. ప్రేమకథ వెనుక నుండి యుద్ధం ముఖం కనబడితే భయపడతాయి.

యుద్ధాన్ని కన్నులారా చూడనివాడు దానిని గురించి వ్రాయరాదా అని సందేహం కలుగవచ్చు. దానికి మన దేశంలోనే సమాధానం ఉన్నది. హిందీ రచయిత చంద్రధర్ శర్మ గులేరీ 1915లో ‘ఉస్‌నే కహా థా’ అనే కథ వ్రాశాడు. చిన్ననాడు అమృత్‌సర్ బజారులో చూచిన బాలిక మాట కోసం పాశ్చాత్య రణరంగపు కందకంలో ప్రాణమిచ్చిన సిక్కు జమాదారు కథ అది. గులేరీ ఆ కందకాన్ని చూడలేదు. కాని అమృత్‌సర్ బజారు, అక్కడి బండివారి మాటతీరు ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. తెలిసినది గట్టిగా తెలియడం వలన తెలియనిదానిని నమ్మించగలిగాడు.

ఆ యుద్ధం మనకు పరాయిది కాదు. పది లక్షలకు మించిన భారతీయులు అందుకై సముద్రం దాటారు. హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల అశ్వికదళాలు పాలస్తీనా రంగంలో పోరాడాయి. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకం వారి పేరిటనే నిలిచినది. ఫ్రాన్సు నుండి మన సైనికులు ఇండ్లకు వ్రాసిన, వ్రాయించిన ఉత్తరాల ఆంగ్లానువాదాలు, సెన్సారు అధికారులు తయారుచేసినవి, లండన్ లోని బ్రిటిష్ లైబ్రరీలో నేటికీ ఉన్నాయి. మూలంలో ఉర్దూలో వ్రాసినవి వాటిలో అనేకం. అధికారి చదువుతాడని తెలిసి, చెప్పరాని సంగతిని వారు సంకేతంగా చెప్పుకొనేవారు. నల్ల మిరియాలు అయిపోతున్నవంటే భారత సైనికులు చనిపోతున్నారని అర్థం. ఒక యువతి ఇంటివద్ద ఆ ఉత్తరం చదివించుకొని, మిరియాల మాట వినగానే మౌనంగా లేచి లోనికి పోయిందని ఊహించండి. ఒక నవలకు అంతకు మించిన ప్రారంభం ఏమి కావాలి?

ఏటేటా మన సంచికకు విద్యార్థినీ విద్యార్థుల నుండి సైనికుని ప్రేమకథలు వస్తూనే ఉన్నాయి. ఉర్దూ విభాగంలోనూ తెలుగు విభాగంలోనూ వీటి నడక ఒక్కటే. రైల్వే స్టేషనులో వీడ్కోలు, ఒక ఉత్తరం, జెండా కప్పిన శవపేటిక, చివరన ఒక నినాదం. వీటిని మేము పరిహసించడం లేదు. వ్రాయాలన్న ఆ తపన విలువైనది. కాని అవి సినిమా నుండి వచ్చిన కన్నీరు. వ్రాసినవారి ఇంటిలో, వీధిలో అంతకంటే నిజమైన ఎడబాటు ఉన్నది. గల్ఫ్ దేశాలకు పోయిన భర్త ఫోను కోసం ఎదురుచూచే స్త్రీలు మన బస్తీలలో ఎందరు లేరు? ఆ నిరీక్షణ తెలిసిన విద్యార్థిని 1918 నాటి నిరీక్షణను వ్రాయగలదు. తనను నొప్పించినవారిని శిక్షించడానికి కలం పట్టినంత కాలం మాత్రం ఆ కథ రెండు పుటలు దాటదు.

కళాశాల కమిటీవారికి మా విన్నపాలు రెండు. కథల పోటీని సంవత్సరాంతంలో పదిహేను రోజుల గడువుతో కాక, తరగతులు ప్రారంభమైన మాసంలోనే ప్రకటించాలి. ప్రతి కథనూ ఒకసారి రచయితకు తిరిగి ఇచ్చి, మరల వ్రాయమని కోరాలి. రెండవది, గ్రంథాలయంలో పరీక్షల గైడ్లకు వెచ్చించే ధనంలో కొంత భాగంతో ఉర్దూ, తెలుగు నవలలనూ, మంచి అనువాదాలనూ కొనాలి. నవలకు గైడు చదివిన విద్యార్థికి నాయిక ఎవరో తెలుస్తుంది. నవల చదివిన విద్యార్థికి ఆమె ఎందుకు మరణించవలసి వచ్చిందో తెలుస్తుంది. పరీక్షలో ఈ రెండింటికీ సమానమైన మార్కులే రావచ్చును. జీవితంలో మాత్రం రావు.