నడవని పని చప్పుడు చేయదు

ఒకసారి ఆటోమేట్ చేస్తే ఇక ఆ పని మర్చిపోవచ్చని మనలో చాలామందికి నమ్మకం. నేనూ అలాగే అనుకున్నా. వేసవి సెలవుల్లో విండోస్ టాస్క్ షెడ్యూలర్ తెరిచి, లాగాన్ కాగానే ప్రాజెక్ట్ ఫోల్డర్ మెమరీ కార్డులోకి కాపీ అయ్యేలా పెట్టా. ఇంట్లో ఉన్నన్నాళ్లూ బాగానే నడిచింది.

కాలేజీ తెరిచాక, రివ్యూకి రెండు రోజుల ముందు హార్డ్ డిస్క్ పోయింది. కార్డులో చూస్తే ఉన్నది మూడు వారాల కిందటి కాపీ!

కారణం రూమ్మేట్ లాప్‌టాప్‌లో చూస్తే తెలిసింది. కొత్త టాస్క్ పెడితే, కండిషన్స్‌లో 'ఛార్జింగ్‌లో ఉంటేనే నడుపు' అన్న టిక్ ముందే పడి ఉంటుంది. నేనేమో క్లాసులో బ్యాటరీ మీద వాడతా. పైగా మూత మూసి తెరిస్తే జరిగేది అన్‌లాక్, లాగాన్ కాదు; దానికి ట్రిగ్గర్ వేరు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నా టాస్క్ ఆ మాటను అక్షరాలా పాటించింది.

తప్పు దానిది కాదు. పని ఎప్పుడు మొదలవ్వాలో అందరం ఆలోచిస్తాం, ఎప్పుడు మొదలవ్వదో ఆలోచించం. నడిచిన పనీ నడవని పనీ స్క్రీన్ మీద ఒకేలా కనిపిస్తాయి.

అందుకే టాస్క్ పెట్టిన రోజే ఛార్జర్ పీకి, మూత మూసి తెరిచి పరీక్షించండి. నడిచిన ప్రతిసారీ ఒక ఫైల్‌లో తేదీ రాసేలా పెట్టండి. వారానికోసారి ఆ ఫైల్ తెరవండి. ఆ రెండు నిమిషాలు నేను బద్ధకించా. నాతోపాటు మా టీమ్‌లో ఇద్దరు రెండు రాత్రులు నిద్ర లేకుండా కోడ్ మళ్లీ రాశారు.