బండి గరమైతే నా గొలుసెందుకు?

మొన్న ఏప్రిల్‌లో ఒక రాత్రి మావారు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, "నీ గొలుసు ఒక రెండు నెలలు బ్యాంకుల పెడ్దామా?" అని అడిగారు. ఎందుకన్నాను. "బండి గరమైతాంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందట, ఇంజిన్ దించాల్నట. నలభై వేలు అయితదని మెకానిక్ అన్నడు."

మా బండి సంగతి కొంచెం చెప్పాలి. మావారు సింగరేణి ఓపెన్ కాస్టులో డంపర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంట్లో కూర్చుంటే పొద్దు పోదని గ్రాట్యుటీ డబ్బుల్లోంచి కొంత తీసి ఒక పాత పికప్ కొన్నారు. 2009 మోడల్. సుల్తానాబాద్ రైస్ మిల్లుల నుంచి బియ్యం బస్తాలు తెచ్చి గోదావరిఖనిలో కిరాణా దుకాణాలకు వేస్తారు. బండి తిరిగితేనే చేతిలో నాలుగు రూపాయలు ఆడతాయి. బండి ఆగితే ఇంట్లో ఆయన మూతి కూడా ముడుచుకుపోతుంది, అది వేరే బాధ.

మన ఇళ్లలో ఇదొక పద్ధతి. బండి సంగతి మగవాళ్లది, దాని కోసం తాకట్టు పెట్టే బంగారం మనది. ఏమైందని అడిగితే "నీకేం తెలుస్తది" అంటారు. నిజమే, నాకు స్పానర్ పట్టుకోవడం తెలియదు. కానీ పిల్లాడికి జ్వరమొస్తే మనమేం చేస్తాం? ఎప్పటినుంచి, పగలా రాత్రా, వాంతులున్నాయా అని చూసుకుని మరీ డాక్టరు దగ్గరికి పోతాం. నేరుగా వెళ్లి ఆపరేషన్ చేయమని అడగం కదా. నలభై వేల ఖర్చుకు ముందు ఆ మాత్రం ఆరా ఎందుకు తీయకూడదు?

మా తమ్ముడు ఓపెన్ కాస్ట్ వర్క్‌షాప్‌లో ఫిట్టర్. వాడికి ఫోన్ చేశాను. "అక్కా, బండి గరమైతాంది అంటే సరిపోదు. ఎప్పుడైతాందో చూడు. నిలబడ్డప్పుడా, ఉరికేటప్పుడా? లోడుతోనా, ఖాళీగనా? స్టార్ట్ చేసిన అయిదు నిమిషాలకా, గంటకా? రాసిపెట్టు, తర్వాత మాట్లాడుదాం" అన్నాడు.

నాలుగు ట్రిప్పులు మావారి పక్క సీట్లో కూర్చున్నాను. పాల లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో సూది ఎక్కడుందో రాశాను. మొదటి రోజు ఆయనకు ఒకటే చికాకు. రాజీవ్ రహదారి మీద సుల్తానాబాద్ నుంచి పెద్దపల్లి దాటేదాకా, నిండా బస్తాలున్నా, సూది సగానికి కొంచెం పైన నిలబడింది, అంతే. లక్ష్మీనగర్ సందుల్లో దుకాణం దుకాణానికీ ఆగుతూ పోతుంటే పావుగంటలో ఎర్రగీత దగ్గరికొచ్చింది. మళ్లీ రోడ్డెక్కి కాస్త వేగం అందుకోగానే దిగింది. నాలుగు రోజులూ ఇదే కథ.

ఇది విని తమ్ముడు నవ్వాడు. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుందట. నిలబడినా, మెల్లగా పోయినా ఆ పని ఫ్యాన్ చేయాలి. అందుకని ముందు ఫ్యాన్‌నూ, దాని బెల్టునూ, గాలి దారినీ చూడాలి. అదే ఊళ్లో చల్లగా ఉండి రోడ్డు మీద లోడుతో వేడెక్కితే, రేడియేటర్ లోపల పూడుకుందనో, నీళ్లు సరిగ్గా తిరగడం లేదనో అనుమానించాలి. స్టార్ట్ చేసిన కాసేపటికే వేడెక్కితే నీళ్లు తక్కువైనా అయి ఉండాలి, థర్మోస్టాట్ మూసుకునే ఉండిపోయినా ఉండాలి. హెడ్ గ్యాస్కెట్ పోతే వేరే గుర్తులుంటాయి. సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్ల పొగ వస్తుంది. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీలా మారుతుంది. చల్లటి బండి మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు ఆగవు. కారడం కనపడకుండానే నీళ్లు తగ్గిపోతాయి. మా బండిలో వీటిలో ఒక్కటీ లేదు.

ఆదివారం పొద్దున, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు తమ్ముడు వచ్చాడు. బెల్టును వేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. అంచులు నున్నగా అద్దంలా మెరుస్తున్నాయి, అంటే జారుతోందన్నమాట. తర్వాత రేడియేటర్ వెనక టార్చిలైటు పెట్టాడు. ఇవతలికి వెలుతురు రాలేదు! సన్నటి రెక్కల మధ్య బొగ్గు దుమ్ము, మిల్లుల దగ్గరి ఊక, వాటిని పట్టి ఉంచే జిడ్డు. మన దగ్గర ఇంట్లో కిటికీ తుడిచిన గంటకే నల్లగా అవుతుంది, బండికి మాత్రం దుమ్ము పట్టదా? నీళ్లు గట్టిగా కొడితే రెక్కలు వంగుతాయని, ఇంజిన్ వైపు నుంచి బయటికి మెల్లగా కొట్టి కడిగాడు. బకెట్ కింద పారిన నీళ్లు కాటుక రంగులో ఉన్నాయి.

రేడియేటర్ మూత రబ్బరు పగిలి ఉంది. ఇది మనకు చెప్పకుండానే అర్థమయ్యే సంగతి, కుక్కర్ గ్యాస్కెట్ లాంటిదే. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి, ఆ మూత ఒత్తిడి పట్టి ఉంచడం వల్ల లోపలి కూలెంట్ నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు పోతే ముందే మరిగి బయటికి తన్నేస్తాయి. వేడిగా ఉండగా మూత తీయకూడదనేది కూడా ఇందుకే. కిందటేడు మావారు తొందరపడి తీశారు. మోచేతి దాకా బొబ్బలెక్కి, నెల రోజులు నేను అన్నం కలిపి పెట్టాను. ఇప్పుడు మా నియమం ఒక్కటే. సూది పైకెక్కితే బండి పక్కకు ఆపి ఇంజిన్ బంద్ చేయాలి, అరగంట ఆగాలి, గట్టి గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. కాలిన ఇంజిన్‌లో ఒక్కసారిగా చల్లనీళ్లు పోస్తే హెడ్ పగిలే ప్రమాదం కూడా ఉందట.

ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. నెల కిందట ఇంకో మెకానిక్ "ఇది తీసేస్తే గరం కాదు" అని థర్మోస్టాట్ పీకేశాడట. మన వైపు ఇది మామూలే. దానివల్ల మా బండి వేడి తగ్గనూ లేదు, పొద్దుపొద్దున ఇంజిన్ ఎంతకీ కాక డీజిల్ మాత్రం ఎక్కువ తాగింది. రెండోది, ఇన్నాళ్లూ పోసినవి మా బోరు నీళ్లు. గీజర్ కాయిల్ మీద తెల్లగా గడ్డ కట్టే నీళ్లు లోపల మాత్రం ఊరుకుంటాయా? కొత్త బెల్టు, మూత, థర్మోస్టాట్, కూలెంట్, అన్నీ కలిపి మూడు వేలు దాటలేదు.

ఆ మెకానిక్ మోసం చేశాడని నేననను. ఉడుకుతున్న బండిని అయిదు నిమిషాలు చూసి తనకు తోచింది చెప్పాడు. ఇంకో నెల అలాగే తిప్పి ఉంటే ఆయన మాటే నిజమయ్యేదేమో కూడా. నా కోపం మావారి మీద. వంద టన్నుల డంపర్ ఎక్కేముందు చుట్టూ తిరిగి నీళ్లు, ఆయిల్, టైర్లు చూడనిదే తాళం తిప్పని మనిషి, సొంత బండి బానెట్ నెలకోసారైనా ఎత్తలేదు. అదే అడిగితే, "అది కంపెనీ బండి. చూడకుంటే చార్జిషీట్ ఇస్తరు" అన్నారు. అయితే ఇక ఇంట్లో చార్జిషీట్ నేనిస్తానన్నాను.

మీ ఇంట్లో బండి ఉంటే, దానికోసం మీ మెడలోది అడిగితే, "ఎప్పుడు గరమైతాంది?" అని ఒక్కసారి అడిగి చూడండి. జవాబు రాకపోతే గొలుసు తీయకండి.

నిన్న పొద్దున బండి తీయబోతూ మావారు, "ఆ నోటుబుక్కు ఏడ వెట్టినవ్?" అన్నారు. డబ్బాలో నీళ్లు చూశారట, వారంలో అర అంగుళం తగ్గాయట. తేదీ వేసి రాశాను.