సరదాకేనంట!

పదో తరగతి పరీక్షలకి ముందు మా కోనసీమలో హైస్కూలు హైస్కూలుకీ ఒక సంబరం జరుగుతుంది. మేష్టార్లు వీడ్కోలు సభ అంటారు, పిల్లలు ఫేర్‌వెల్ అంటారు. తలా వంద వేసుకుంటారు. రంగు కాగితాలు కడతారు. ఆడపిల్లలు అమ్మల చీరలు కట్టుకొస్తారు. లడ్డూ, మిక్చరు, కూల్ డ్రింకు. మేష్టార్ల కాళ్లకి దండాలు. ఆ తర్వాత అసలు కార్యక్రమం. తొమ్మిదో తరగతి వాళ్లు పదో తరగతి వాళ్లకి బిరుదులిస్తారు. అట్టముక్క మీద బిరుదు రాసి, దారం కట్టి మెళ్లో వేస్తారు. చివర్లో ఒక నాటిక. 'ఇరవై ఏళ్ల తర్వాత' అని పేరు. ఎవరు ఏమవుతారో ఆడి చూపిస్తారు. అందరూ పగలబడి నవ్వుతారు.

ఇందులో తప్పేముంది? పిల్లలన్నాక నవ్వాలి. మేమూ ఆ బడుల్లోనే చదివాం. మేమూ ఆ బెంచీల మీద కూచుని నవ్వినవాళ్లమే. అందుకే ఆ నవ్వు సంగతి మాకు బాగా తెలుసు.

ఈమధ్య రాజోలు వైపు ఒక ఊళ్లో జరిగిన సభ గురించి పేట పిల్లలు మాకు చెప్పారు. బడి పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఒక్క బడికే జబ్బని మిగతా బడులన్నీ చేతులు దులుపుకుంటాయి.

బిరుదులు ఇవీ. కామందుగారి అబ్బాయి 'కాబోయే కలెక్టరు'. ఆ అబ్బాయికి లెక్కల్లో ఎప్పుడూ ముప్పై దాటలేదు, అది వేరే సంగతి. రైసుమిల్లు వారి అమ్మాయి 'అమెరికా డాక్టరమ్మ'. మాలపేట కుర్రాడు 'కోటా కింగ్'. హాస్టల్లో ఉండి చదువుకునే ఇద్దరు 'సాంబారు బ్రదర్స్'. పరుగు పందెంలో బడి మొత్తానికి ముందుండే మాదిగపేట కుర్రాడికి పరుగు మీద బిరుదు రాలేదు. 'డప్పు మాస్టర్' అని రాశారు. డప్పు చిన్నతనమని మేం అనడం లేదు, అది మా తాతల విద్య. కానీ ఆ కుర్రాడు జన్మలో డప్పు ముట్టుకోలేదు. అతని కాళ్లు వాళ్లకి కనపడలేదు, కులం కనపడింది.

లెక్కల్లో తరగతికి మొదట వచ్చే పేట అమ్మాయికి 'కువైట్ క్వీన్' అని బిరుదిచ్చారు. ఆ పిల్ల తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. నాటికలో ఆ పిల్ల వేషం కట్టిన కుర్రాడు నైటీ తొడుక్కుని, చీపురు పట్టుకుని, "ఆయ్, వస్తన్నానండీ బాబాగారూ" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. ముందు వరస కుర్చీల్లో కూచున్న మేష్టార్లూ నవ్వారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వకపోతే సరదా తెలీని మనిషంటారు కదా! ఇంటికొచ్చి అట్టముక్క కాలవలో పారేసింది. హాల్ టికెట్ తెచ్చుకోడానికి ఆ బడి గడప తొక్కనని మూడ్రోజులు కూచుంది.

పేట పెద్దలు వెళ్లి అడిగారు. వచ్చిన జవాబు ఇది: "సరదాకేనండీ! పిల్లల ఆటలోకి మీరు కులాన్ని లాక్కొస్తున్నారు."

కులాన్ని మేం లాక్కొచ్చామా? సరే, ఆ సరదా లెక్కేంటో తేల్చుకుందాం.

అదే నాటికలో కామందుగారి అబ్బాయి కలెక్టరు కుర్చీలో కూచుంటే ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కొట్టారు. రైసుమిల్లు వారి బంధువుల కుర్రాణ్ణి చెప్పులు కుట్టేవాడుగా చూపిస్తే విరగబడి నవ్వారు. మాలపేట కుర్రాణ్ణి ఆఫీసరు కుర్చీలో కూచోబెట్టి, గుమాస్తా ఫైలు తలకిందులుగా ఇస్తే అలాగే సంతకం పెట్టినట్టు చూపించి మళ్లీ విరగబడి నవ్వారు. అయ్యా, ఈ రెండు నవ్వులూ ఎక్కడినుంచి వచ్చాయి? వాడు చెప్పులు కుట్టడం జరగని పని, అందుకని నవ్వు. వీడు ఆఫీసరవడం జరగని పని, అందుకనీ నవ్వు. ఎవడి కుర్చీ ఏదో, ఎవడి ఆరె ఏదో పుట్టకముందే రాసిపెట్టి ఉందన్న నమ్మకం కడుపులో లేకపోతే ఆ రెండుచోట్లా నవ్వు రాదు. మనుస్మృతి ఒక్క పేజీ చదవకుండానే తొమ్మిదో తరగతి పిల్లలు దాన్ని స్టేజీ ఎక్కించేశారు.

ఈ నాటిక వాళ్లు కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1990 ఆగస్టులో మండల్ సిఫారసుల ప్రకారం బీసీలకి 27 శాతం రిజర్వేషన్ అని వి.పి. సింగ్ ప్రభుత్వం ప్రకటించినప్పుడు పెద్దకులాల కాలేజీ విద్యార్థులు ఏం చేశారు? నడిరోడ్డు మీద బూట్లు పాలిష్ చేశారు, వీధులు ఊడ్చారు. మా భవిష్యత్తు ఇలా అయిపోతుంది చూడండని దేశానికి చూపించారు. 2006లో పై చదువుల్లో బీసీ రిజర్వేషన్ వచ్చినప్పుడూ చీపుళ్లు పట్టుకుని రోడ్డెక్కారు. ఆ చీపురు తరతరాలుగా ఎవరి చేతిలో ఉందో, ఆ బూటు ఎవరి తాత కుట్టాడో వాళ్లకి తట్టలేదు. వాళ్లకి ఒక్కరోజు వేషమైతే అది దేశానికి విషాదం. మాకు మూడువేల ఏళ్ల బతుకైతే అది కర్మ. మా పిల్ల మెళ్లో వేస్తే అది సరదా!

కువైట్ సంగతికి వద్దాం. కోనసీమ అంటే కొబ్బరాకుల పచ్చదనం అని సినిమాల వాళ్లు మురిసిపోతారు. ఆ చెట్టెక్కి దింపు తీసేది ఎవరు? గుణపం పాతుకుని రోజంతా కాయ ఒలిచేది ఎవరు? ఆ తోట పట్టా ఎవరి పేరున ఉంది? సొంతానికి సెంటు భూమి లేకే కదా మా అక్కచెల్లెళ్లు వడ్డీకి తెచ్చిన డబ్బుతో వీసా కొనుక్కుని విమానం ఎక్కింది! అక్కడ కఫీల్ చేతిలో బతుకు. పాస్‌పోర్టు కూడా తన దగ్గర ఉండదు చాలామందికి. పిల్ల పెద్దమనిషైన రోజూ ఫోన్లోనే, తల్లి చనిపోయిన రోజూ ఫోన్లోనే. ఆ డబ్బుతోనే పేటలో స్లాబు పడింది. ఆ డబ్బే బజారులో బట్టల కొట్టుకీ బంగారం కొట్టుకీ చేరింది. డబ్బుకి లేని కులం, ఆ డబ్బు సంపాదించిన మనిషికి ఎక్కడినుంచి వచ్చింది?

ఇంకో మాట. కామందుగారి పెద్దబ్బాయి అమెరికాలో చదువుకుంటూ హోటల్లో గిన్నెలు తోమితే ఊరంతా 'కష్టపడి పైకొస్తున్నాడు' అంటుంది. మా అక్క కువైట్‌లో గిన్నెలు తోమితే జోకు. గిన్నె అదే, మసి అదే. తోమే చెయ్యి ఎవరిదన్నదే తేడా.

అసలు పేరు పెట్టే హక్కు ఎవరిదన్నదే ఇక్కడ తగువు. మా తాతల్ని నిండు పేరుతో పిలిచిన కామందు లేడు. చివర 'గాడు' తగిలించందే వాళ్ల నోరు ఊరుకునేది కాదు. ముసలాయన్ని పదేళ్ల పిల్లాడు 'ఒరే' అనేవాడు. ఇప్పుడు ఒరే అంటే ఊరుకునేవాళ్లు లేరు గనక బిరుదు అంటున్నారు. మనకి పేరు పెట్టడానికి ఇంత ముచ్చటపడే ఈ నేల, మన పేరు తను పెట్టుకోవాల్సి వస్తే ఏం చేసింది? 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. మే నెలలో దానికి అంబేడ్కర్ పేరు కలుపుతామంటే 24వ తేదీన అమలాపురం తగలబడింది. దళిత మంత్రి ఇల్లు కాల్చారు, ఎమ్మెల్యే ఇల్లు కాల్చారు. పేరు మాత్రం కాలలేదు. ఇవాళ అది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా. ఆ రోజు రోడ్డెక్కిన వాళ్లలో కుర్రాళ్లే ఎక్కువ. వాళ్లు కూడా ఏదో ఒక బడిలో ఫేర్‌వెల్ చేసుకునే బయటికొచ్చారు. ఆ రోజు మెళ్లో పడ్డ అట్టముక్కకీ, ఈ రోజు విసిరిన రాయికీ చుట్టరికం లేదంటే మేం నమ్మం.

బిరుదులు బడి గేటు దగ్గర ఆగిపోవు కూడా. ఇంటర్‌కి వస్తాయి, ఇంజనీరింగుకి వస్తాయి, విశ్వవిద్యాలయానికీ వస్తాయి. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల కార్ల్ సాగన్‌లా సైన్సు గురించి రాయాలని కలగన్నాడు. తన భవిష్యత్తు తనే రాసుకున్నాడు. దాన్ని రాయనిచ్చిందెవరు? పిల్లల సరదా అని తేలిగ్గా కొట్టిపారేసే పెద్దమనుషులు ఆ పేరు ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.

మా పిల్లలకి ఇంకో 'ఇరవై ఏళ్ల తర్వాత' ఉంది. అది కూడా ఈ మట్టిదే. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న, స్వాతంత్ర్యం రాకముందే 'పాలేరు' నాటకం రాశాడు. అందులో కామందు కొట్టాంలో పేడ ఎత్తిన పాలేరు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఆ నాటకం చూసి జనం నవ్వలేదు. కళ్లు తుడుచుకుని ఇళ్లకెళ్లి, పాలేరుతనం మానిపించి పిల్లల్ని బడికి పంపారు. ఎదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరయ్యాడు. ఆ కుర్చీలో కూచున్న మొదటి దళితుడు. కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం హైకోర్టులో నల్లకోటు తొడుక్కుని కారంచేడు, చుండూరు బాధితుల పక్షాన నిలబడ్డాడు. వీళ్ల పదో ఏట ఎవరైనా బిరుదిచ్చి ఉంటే ఏమని ఇచ్చేవాళ్లో చెప్పక్కర్లేదు.

అంబేడ్కర్‌కీ బడి ఉంది. గోనెపట్టా ఇంటినుంచి తెచ్చుకుని విడిగా కూచున్న బడి. ప్యూను పైనుంచి పొయ్యకపోతే మంచినీళ్లు దొరకని బడి. ఆయనకీ ఒక సభ జరిగింది. ఇంగ్లీషు నాలుగో తరగతి పాసైతే మనవాళ్లు అభినందన సభ పెడతామన్నారు. పిల్లాడికి తలకెక్కుతుందని తండ్రి ఒప్పుకోలేదు. కేలూస్కర్ అనే పెద్దాయన వచ్చి, తండ్రికి నచ్చజెప్పి, తనే అధ్యక్షత వహించి, తను రాసిన బుద్ధుడి జీవితచరిత్ర ఆ పిల్లాడి చేతిలో పెట్టాడు. ఈ సంగతి అంబేడ్కరే రాసుకున్నాడు. ఆ పుస్తకం ఎక్కడిదాకా తీసుకెళ్లిందో 1956 అక్టోబర్ 14న నాగపూర్ చూసింది. పిల్లాడి మెళ్లో అట్టముక్క వెయ్యడానికీ, చేతిలో పుస్తకం పెట్టడానికీ తేడా అంతుంటుంది.

ఇక మన తప్పులు మనం చెప్పుకోవాలి. ముందు వరసలో కూచుని నవ్విన మన మేష్టారు రిజర్వేషన్‌తో ఉద్యోగం తెచ్చుకున్న మనిషే. పేట ఖాళీ చేసి టౌనులో ఇల్లు కట్టుకున్నాక ఆ నవ్వు అలవాటైంది. డప్పు మాస్టర్ అన్నప్పుడు మాలపేట పిల్లలు కూడా నవ్వారు. కువైట్ క్వీన్ అన్నప్పుడు మగపిల్లలందరూ, ఏ పేటవాళ్లయినా, ఈలలు వేశారు. మనకన్నా కిందున్నారనుకున్నవాళ్లని చూసి నవ్వడం మనకీ వచ్చు. అది మానకుండా ఎదుటివాడి నవ్వు మీద పత్రికలో రాస్తే ప్రయోజనం లేదు.

పదిహేనేళ్ల పిల్లల మీద కేసులు పెట్టమని మేం అనడం లేదు. అది మా ఉద్యమం కాదు. నలుగురిలో దళితుణ్ణి అవమానిస్తే నేరమని 1989 అట్రాసిటీ చట్టం చెబుతోంది. ఆ చట్టం చదవాల్సింది ముందు వరస కుర్చీలవాళ్లు. మేం అడిగేది కొంచెమే. ఫేర్‌వెల్ చెయ్యండి, బాగా చెయ్యండి, కానీ ఎవరి భవిష్యత్తు వాళ్ల నోటితోనే చెప్పనివ్వండి. నాటిక స్టేజీ ఎక్కకముందు మేష్టార్లు చూడాలి. తల్లి పని మీద, తినే తిండి మీద, స్కాలర్‌షిప్పు మీద జోకు కనపడితే అక్కడే ఆపాలి. తలా వందలో సగం పెట్టి ప్రతి పిల్లకీ ఒక పుస్తకం ఇవ్వండి.

నాలుగో రోజు ఆ పిల్ల వెళ్లి హాల్ టికెట్ తెచ్చుకుంది. రాత్రి తల్లి కువైట్ నుంచి ఫోన్ చేసి, "గిన్నెలు తోముతుంది నేను. సిగ్గుపడితే నేను పడాలి. నాకే లేదు, నీకెందుకే?" అందంట. ఆ ఆదివారం పేటలో అంబేడ్కర్ బొమ్మ దగ్గర పిల్లలే తమ సభ పెట్టుకున్నారు. ఒకమ్మాయి నర్సవుతానంది. ఒకడు లారీకి డ్రైవరు కాదు, ఓనరవుతానన్నాడు. పరుగు కుర్రాడు పోలీసు అన్నాడు, లాఠీ ఎవరి మీద ఎత్తకూడదో కూడా చెప్పాడు. ఒకడు "ఇంకా ఏం అనుకోలేదండి" అన్నాడు. అనుకోకుండా ఉండే హక్కు కూడా మా పిల్లలకి ఉంది. ఇంకొకడు ఎన్నికలకీ ఎన్నికలకీ అదే వంతెనకి కొబ్బరికాయ కొట్టే నాయకుణ్ణి అనుకరించాడు. అందరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. నవ్వడం మాకూ వచ్చు. పైవాణ్ణి చూసి నవ్వుతాం.

లెక్కల పిల్లని ఏమవుతావని అడిగితే, "అది నేను చెప్తాను. ముందు పరీక్ష రాయనివ్వండి" అంది.

జై భీమ్!