దరువు ఎవరి సొత్తు?

ఆడి కృత్తిక వచ్చిందంటే తిరుత్తణి కొండ కింద పంబై మోత ఆగదు. కావడి ఎత్తినవాళ్ళు 365 మెట్లూ ఎక్కేదాకా ఆ దరువే కాళ్ళకు ఊపు. ఇప్పుడు ఆ మోతను ఫోన్లో పట్టుకొచ్చి, ల్యాప్‌టాప్‌లో కోసి, కింద బేస్ తగిలించి కొత్త పాట చేసే పిల్లలు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు. దీన్నే శాంప్లింగ్ అంటారు. ఇది కళా, దొంగతనమా? మా ఇంట్లో రెండు పక్షాలూ ఉన్నాయి. అందరం కలిసి ఒప్పుకున్న మాట మాత్రం ఒకటుంది: కోసి అతకడం కళే, కానీ వాయించినవాడి పేరూ కూలీ ఎగ్గొడితే అది దోపిడీ.

మన పక్కనున్న ఉదాహరణే చూడండి. తేజ తీసిన ‘జయం’ 2002లో తెలుగులో వచ్చింది, మరుసటి ఏడు తమిళంలో. రెంటికీ సంగీతం ఆర్.పి. పట్నాయక్. తమిళ ‘జయం’లోని తిరువిళా పాట ముక్కను లండన్ గాయని ఎం.ఐ.ఎ. తన ‘బర్డ్ ఫ్లూ’ పాటలో వాడుకుంది. తెలుగాయన బాణీ, తమిళ సినిమా, ఈళం మూలాలున్న అమ్మాయి గొంతు. ఇంత దూరం నడిచిన దరువును దొంగసొత్తు అని కొట్టిపారేయలేం కదా! కానీ ఆ డోళ్ళు వాయించినవాళ్ళెవరని అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం?

పరదేశంలోనూ ఇదే కథ. 1969లో విన్‌స్టన్స్ అనే బృందం ‘ఆమెన్, బ్రదర్’ రికార్డు చేసింది. అందులో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒంటరిగా వాయించింది ఏడు సెకన్లు కూడా ఉండదు. ఆ ముక్క వేల పాటల్లోకి ఎక్కింది, జంగిల్ అనే సంగీతమే దాని మీద నిలబడింది. కోల్‌మన్ మాత్రం 2006లో పేదరికంలోనే పోయాడు. బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో అభిమానులు చందాలు వేసి 24,000 పౌండ్లు ఇచ్చారు. అది చందా, హక్కుగా అందిన సొమ్ము కాదు.

చట్టం ఏమంటుంది? మన 1957 కాపీరైట్ చట్టంలో బాణీ హక్కు వేరు, రికార్డు హక్కు వేరు. రికార్డు హక్కు 60 ఏళ్ళు నడుస్తుంది. ‘ఇన్ని సెకన్లలోపు అయితే ఫరవాలేదు’ అని చాలామంది అనుకుంటారు గానీ, అలాంటి లెక్క చట్టంలో ఎక్కడా లేదు. అమెరికాలోనే 2005లో ఒక అప్పీలు కోర్టు చిన్న ముక్కకైనా అనుమతి కావాలంది, 2016లో ఇంకో అప్పీలు కోర్టు గుర్తుపట్టలేనంత చిన్నదానికి అక్కర్లేదంది.

తరతరాలుగా వస్తున్న నడకకు మాత్రం యజమాని లేడు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారింది. గీత మారినా దరువు మారలేదు. చిత్తూరు వైపు పలక, ఇక్కడ పఱై, రెండూ ఒకే జాతి వాద్యాలు. ఇది మాదే అని ఏ భాషవాళ్ళూ తాళం వేసుకోలేరు. ఎవరైనా నేర్చుకోవచ్చు, వాయించొచ్చు. కానీ ఫలానా రోజు ఫలానా మనిషి వాయించిన ఆ వాయింపు ఆయనది. సొంతానికి రికార్డు చేసుకుంటే తప్పులేదు. దాన్ని వ్యాపారానికి వాడాలంటే కళాకారుడి అనుమతి కావాలి. 2012 సవరణ వచ్చాక రాయల్టీ కూడా ఆయన హక్కే.

‘అడుగుతూ కూర్చుంటే పాట ఎప్పుడు చేస్తాం?’ అంటారు పిల్లలు. పెద్ద కంపెనీల విషయంలో అది నిజమే, కాలేజీ కుర్రాడి ఉత్తరానికి బదులెవరిస్తారు? చిన్నవాళ్ళకు అందే ధరలో, సులువుగా అనుమతి దొరికే పద్ధతి రావాలి. కానీ పంబై ఆయన కంపెనీ కాదు కదా, ఎదురుగానే ఉన్నాడు. పేరు వేయడానికి పైసా ఖర్చు లేదు. 1981 నాటి ‘జ్యోతి’ సినిమా పాటను అడగకుండా వాడుకున్న ‘అడిక్టివ్’ విషయంలో, బప్పీ లాహిరి పేరు వేయకుండా ఆ ఆల్బమ్ అమ్మకూడదని 2003లో అమెరికా కోర్టే చెప్పాల్సి వచ్చింది. మనకు కోర్టు దాకా ఎందుకు?

తిరువళ్ళూరులో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా మన పిల్లలకు మేము చెప్పేది ఇంతే. పాట చెయ్యండి, బాగా చెయ్యండి. మైకు పెట్టేముందు వాయించేవాళ్ళను అడగండి. పేరు, ఊరు రాసుకుని పాటతోపాటు వెయ్యండి. నాలుగు రూపాయలొస్తే వాళ్ళ వాటా వాళ్ళకు పంపండి.