ఆషాఢం దాకా ఆగుతుందా ఆరోగ్యం?



మాఘమాసం వచ్చిందంటే బళ్ళారిలోని నా చిన్న దవాఖానాలో ఒక మాట రోజూ వినిపిస్తుంది. "హకీం సాబ్, సీజన్ అయ్యేదాకా నిలబడేటట్టు ఏదన్నా బలం మందు ఇవ్వండి. మిగతాది ఆషాఢంలో చూసుకుందాం." పరుపులు కుట్టే మన నూర్‌బాషా సోదరులే కాదు, టైలర్లు, షామియానా వాళ్లు, పెళ్లి వంటల మాస్టర్లు, బట్టల కొట్ల వాళ్లు, అందరిదీ ఇదే మాట. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా ముహూర్తాలు, చేతినిండా పని. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, కావలసినంత తీరిక. పనిని బట్టి రోగం కూడా ఆగుతుందని వారి నమ్మకం.

ఈ వారం ఆ ఒక్క మాట గురించే మీతో మాట్లాడదలచుకున్నాను. ఎందుకంటే ఆ మాట నేను మొదట విన్నది నా దవాఖానాలో కాదు, మా ఇంట్లోనే.

మా నాయన పరుపులు కుట్టేవాడు. విల్లు పట్టి దూది ఏకితే ఆ చప్పుడు వీధి చివరికి వినిపించేది. సీజన్‌లో తెల్లవారుజామున మొదలుపెట్టి రాత్రి పదకొండు దాకా దబ్బనం చేతిలో నుంచి దించేవాడు కాదు. ఎందరో పెళ్లికూతుళ్లకు మెత్తటి పరుపులు కుట్టి ఇచ్చి, తాను మాత్రం ఆ దూది నుసిలోనే చాప వేసుకుని నాలుగు గంటలు నడుం వాల్చేవాడు. దగ్గు వచ్చింది. మా అమ్మ ఆస్పత్రికి పొమ్మంటే, "ఆషాఢంలో పోదాంలే" అన్నాడు. ఆషాఢం వచ్చింది, వెళ్లాడు. ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతిన్నాయని డాక్టర్లు చెప్పారు. ఆ తర్వాత పన్నెండేళ్లు బతికాడు గానీ విల్లు ఎత్తలేకపోయాడు. ఒక్క సీజన్ కాపాడుకుందామని పన్నెండు సీజన్లు పోగొట్టుకున్నాడు.

ఆరు అవసరాలు

యూనానీ వైద్యంలో 'అస్బాబె సిత్తా జరూరియా' అని ఒక మూల సూత్రం ఉంది. అంటే మనిషి బతికున్నంతకాలం తప్పించుకోలేని ఆరు అవసరాలు. గాలి, తిండీ నీళ్లు, శరీరానికి కదలికా విశ్రాంతీ, మనసుకు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, శరీరంలో ఉండవలసినవి ఉండటం, పోవలసినవి పోవడం. ఇబ్నె సీనా 1025 ప్రాంతంలో పూర్తిచేసిన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్'లో వీటి చర్చ విస్తారంగా ఉంది. ఈ ఆరూ సమంగా ఉంటే ఆరోగ్యం, వీటిలో ఏది తప్పినా మిజాజ్ చెడుతుందని మా శాస్త్రం చెబుతుంది.

'జరూరియా' అన్న మాటను గమనించండి. తప్పనిసరి అని దాని అర్థం. గాలి పీల్చడాన్ని ఎవరూ ఆషాఢానికి వాయిదా వేయరు కదా! మిగతా ఐదూ అటువంటివే. వాయిదా వేసినట్టు మనకు అనిపిస్తుంది, అంతే. శరీరం మాత్రం రోజు లెక్క రోజే రాసుకుంటుంది.

బలం మందు సంగతి

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. డిప్లొమా పుచ్చుకుని దవాఖానా పెట్టిన కొత్తలో బలం మందు అడిగినవారికి కాదనకుండా ఇచ్చేవాణ్ని. మాజూన్, ఖమీరా డబ్బాలు సీజన్‌లో బాగా అమ్ముడయ్యేవి. నా ఇల్లు గడిచింది కూడా వాటి మీదే. ఒకసారి ఒక పరుపుల మేస్త్రీ వచ్చాడు. కాళ్లు లాగుతున్నాయి, నీరసం, నోరెండిపోతోంది అన్నాడు. పని ఎక్కువై అలసిపోయాడనుకుని ఖమీరా ఇచ్చాను. షుగరుందా అని అడగలేదు. రెండు నెలల తర్వాత కాలి వేలికి పుండుతో వచ్చాడు. పరీక్ష చేయిస్తే షుగరు చాలా ఎక్కువగా ఉంది. వేలు తీసేయవలసి వచ్చింది. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సంగతే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మాజూన్, ఖమీరా, జవారిష్ సాధారణంగా చక్కెర పాకంలోనో తేనెలోనో తయారవుతాయి. షర్బత్ అయితే చెప్పనే అక్కరలేదు. అందుకే ఈనాడు నేను అడిగే మొదటి ప్రశ్న షుగరు పరీక్ష ఎప్పుడు చేయించారని. మీరు ఏ హకీం దగ్గరికి వెళ్లినా, ఆయన అడగకపోయినా, మీకు షుగరుంటే మీరే ముందుగా చెప్పండి. డాక్టరు రాసిన షుగరు మాత్రలు, బీపీ మాత్రలు సీజన్ హడావుడిలో మానకండి. యూనానీ మందు వాడుతున్నామని వాటిని ఆపకండి. హకీంగా ఈ మాట చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు.

అసలు సంగతేమిటంటే, నిద్ర లేక వచ్చిన నీరసానికి నిద్రే మందు. దానికి బదులుగా డబ్బాలో పెట్టి అమ్మే వస్తువు నా దగ్గర లేదు.

సీజన్‌లోనే చేయవలసినవి

పని మానమని నేను చెప్పడం లేదు. పని మధ్యలోనే చేయగలిగినవి చెబుతాను.

గాలి: ఇప్పుడు దూది ఏకడానికి యంత్రాలు వచ్చాయి. విల్లు శ్రమ తప్పింది గానీ నుసి తప్పలేదు. తలుపులు, కిటికీలు తీసి పెట్టండి. ముక్కూ నోరూ మూసే మంచి మాస్కు వాడండి. గదిని పొడి చీపురుతో ఊడ్చకుండా తడిబట్టతో తుడవండి. ఆ గదిలో పసిపిల్లల్ని పడుకోబెట్టకండి. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజే ఛాతీ పట్టేసినట్టుంటే అది దూది నుసి చేసే కీడు కావచ్చు. దగ్గు రెండు వారాలు దాటితే జోషాందా తాగుతూ కూర్చోకండి. ప్రభుత్వ ఆస్పత్రిలో కఫం పరీక్ష ఉచితంగా చేస్తారు, వెళ్లి చేయించుకోండి.

తిండి: సీజన్‌లో మన తిండి చాయ్ మీద నడుస్తుంది. కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే సుమారు 10 గ్రాములు. రోజుకు ఎనిమిది చాయ్‌లకు 80 గ్రాములు. తిండికి విడిగా కలుపుకునే చక్కెర రోజుకు 50 గ్రాములు మించకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. చాయ్ మూడు కప్పులకు తగ్గించండి. దాని బదులు మజ్జిగ తాగండి, బార్లీ నీళ్లు తాగండి. బార్లీ నీళ్లను మా వైద్యంలో 'మావుల్ షయీర్' అంటారు, ఎండవేడికి వాడుతారు. పొద్దున జొన్నరొట్టె గానీ రాగిసంగటి గానీ కడుపులో వేసుకునే పనికి కూర్చోండి. రాత్రి పదకొండింటికి వలీమా బిర్యానీ తిని వెంటనే పడుకోవడం కడుపుకు అన్యాయం. తిన్నది అరగకముందే మళ్లీ తినవద్దని హకీములు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు.

కదలిక: పరుపు కుట్టేవారూ మిషను తొక్కేవారూ గంటల తరబడి వంగి కూర్చుంటారు. ఒక పరుపు అంచు పూర్తికాగానే లేచి నాలుగడుగులు నడవండి. నమాజు వేళ లేచినప్పుడు తొందరపడకుండా, ఆ పది నిమిషాలైనా పనినీ ఫోన్‌నూ పక్కన పెట్టండి. ఒంటికీ మనసుకూ రెండింటికీ విశ్రాంతి.

నిద్ర: పెద్దవాళ్లకు ఏడు గంటల నిద్ర కావాలి. రాత్రి ఆరే దొరికితే మధ్యాహ్నం అరగంట ఖైలూలా తీయండి. మన పెద్దలకు ఈ అలవాటు ఉండేది, మనమే పోగొట్టుకున్నాం. 2025లో మార్చి నెలంతా రంజాన్ వచ్చింది. సహరీకి లేచి, తరావీహ్ తర్వాత మళ్లీ పనికి కూర్చున్నవారు ఎందరో ఆ నెలలో నా దగ్గరికి వచ్చారు. ఉపవాసం కంటే నిద్ర లేకపోవడమే వారిని ఎక్కువగా పడగొట్టింది. షుగరున్నవారు ఉపవాసాలకు నెల ముందే డాక్టరును కలిసి మందుల వేళలు మార్పించుకోవాలి.

ఆడవారి సీజన్

ఆరో అవసరం గురించి బాహాటంగా మాట్లాడటానికి మనవాళ్లు మొహమాటపడతారు. నేను హకీంను, చెప్పక తప్పదు. మూత్రం బిగబట్టుకోవడం రోగాన్ని పిలవడమే. పెళ్లి మంటపాల్లో, కొట్లలో, కుట్టుపని జరిగే చోట్ల ఆడవారికి సరైన మరుగుదొడ్డి ఉండదు. అందుకని వారు నీళ్లు తాగడమే మానేస్తారు. బళ్ళారి ఎండల్లో నీళ్లు తాగకపోతే ఏమవుతుంది? మూత్రంలో మంట, జ్వరం, నడుం నొప్పి, కొందరికి రాళ్లు. ఏప్రిల్, మే నెలల్లో నా దగ్గరికి వచ్చే ఆడవారిలో ఈ బాధలున్నవారే ఎక్కువ. పెళ్లికి హాలు చూసేటప్పుడు లైటింగు, స్టేజీ చూస్తాం. ఆడవారి మరుగుదొడ్డి ఎలా ఉందో కూడా చూడండి, అది ఇంటి పెద్దల బాధ్యత.

ఇంకొక మాట. సీజన్‌లో మగవాడికి ఒక పని, ఆడవారికి రెండు. దూది నింపేదీ, గలీబులు కుట్టేదీ ఆమే. సంగటి కెలికేదీ, అంట్లు తోమేదీ ఆమే. అందరూ తిన్నాక తినేదీ, అందరూ పడుకున్నాక పడుకునేదీ ఆమే. మా అమ్మ అలాగే ఉండేది. నాయన దగ్గు అందరికీ వినిపించింది, అమ్మ అలసట ఎవరికీ కనిపించలేదు. నీళ్లు పట్టి పెట్టడం, కూరలు తరగడం, పిల్లలకు అన్నం పెట్టడం మగవారు చేస్తే వచ్చే చిన్నతనం ఏమీ లేదు. ఇంట్లో ఒక్కరి నిద్ర అమ్ముకుని మిగతావారు బాగుపడితే దాన్ని నేను సమతుల్యం అనను.

"తినేదేమిటి?" అంటే

"చెప్పడం సులువే హకీం సాబ్, సీజన్‌లో సంపాదించుకోకపోతే ఏడాదంతా తినేదేమిటి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఫోం పరుపులు వచ్చాక చేతిపరుపుల గిరాకీ తగ్గింది, వచ్చిన ఆర్డరు వదులుకోవడం కష్టం. కానీ లెక్క వేసి చూడండి. రెండు రోజులకు ఒక పరుపు తక్కువ కుడితే పోయేది ఆ ఒక్క పరుపు కూలి. మంచాన పడితే పోయేది వచ్చే సీజన్ మొత్తం, ఆపైన ఆస్పత్రి ఖర్చు. ఈ లెక్క మా ఇంట్లో మేం తీర్చినదే కనుక చెబుతున్నాను.

మీరు షోలాపూర్‌లో ఉన్నా, బరంపురంలో ఉన్నా, హోసూరులో ఉన్నా, యానాంలో ఉన్నా మీ సీజన్ మీకుంటుంది. ఒకరికి పెళ్లిళ్లు, ఒకరికి పండగలు, ఒకరికి పరీక్షలు, ఒకరికి పంట. ఒక సీజన్ అయ్యేసరికి ఇంకొకటి వస్తుంది. మన జీవితమంతా సీజన్లే. వాటి మధ్య దొరికే తీరికలో బతుకుదామనుకుంటే బతకడానికి మిగిలేది కొద్ది రోజులే. ఎవరికోసం కష్టపడుతున్నామో ఆ పిల్లలతో కలిసి రోజుకు ఒక్కపూటైనా అన్నం తినలేని సంపాదన గురించి ఒకసారి ఆలోచించండి.

చివరిగా ఒక హెచ్చరిక. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒక చెయ్యి లేదా కాలు పడిపోవడం, మాట తడబడటం, ఇవి కనిపిస్తే నా దవాఖానాకు రాకండి, ఏ దవాఖానాకూ పోకండి. నేరుగా పెద్దాస్పత్రికి పరుగెత్తండి. అక్కడ నిమిషాలు లెక్క.

మిగతా బాధలకు నా తలుపు సీజన్‌లోనూ తెరిచే ఉంటుంది. ఆషాఢం దాకా ఆగకండి.

వస్సలామ్.